రూకకు భోజనము

ఢిల్లీ నగరమునకు దక్షిణమున, కుతుబ్ మీనారు నిలిచిన మెహ్రౌలీ వైపు పోవు త్రోవలో, కొన్ని పల్లెలు మహానగరములో కలిసిపోయియు తమ పేళ్ళను విడువక నిలిచియున్నవి. కటవారియా సరాయ్, బేర్ సరాయ్, జియా సరాయ్, కాలూ సరాయ్, లాడో సరాయ్: ఈ పేళ్ళన్నిటి చివరను ఒక్క మాటయే కలదు. సరాయి యనగా బాటసారుల విడిది. పేరు పెట్టినవారు పోయిరి. గుఱ్ఱములు, ఒంటెలు, బిడారములు పోయినవి. మాట మాత్రము మిగిలినది. మాట మిగిలిన చోట పనియు ఏదో యొక రూపమున మిగిలియుండునని కటవారియా సరాయ్‌ను చూచినవారికి తోచును.

ఈ పల్లె చుట్టును విద్యాలయములు వెలసినవి. 1961లో ఇంజనీరింగు కళాశాలగా మొదలై 1963లో ఐ.ఐ.టి.గా మారిన సంస్థ ఒక ప్రక్క నున్నది. 1962లో నెలకొని, తరువాత లాల్ బహదూర్ శాస్త్రి పేరు ధరించి, 2020లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన సంస్కృత విద్యాపీఠము పల్లె పొలిమేరలోనే కలదు. 1969లో స్థాపింపబడిన జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయము మఱియొక ప్రక్క. పొలములు పోయినను, పల్లెవారి నివాసభూమి మాత్రము రెవిన్యూ పటములో ఎఱ్ఱగా గీసిన గీటు లోపల నిలిచినది. దానిని లాల్ డోరా యందురు. ఆ గీటు లోపల ఇండ్లు ఒకదాని భుజముపై నొకటి ఎక్కినట్లు పెరిగినవి. మేడమీద మేడ, గది ప్రక్కన గది. క్రింద నొక జిరాక్సు కొట్టు, దాని ప్రక్కన పుస్తకముల కొట్టు, దాని ప్రక్కన భోజనపు కొట్టు. గదులలో నుండువారు దూరప్రాంతములనుండి వచ్చి పోటీ పరీక్షలకు చదువుకొను యువకులు. సాయంకాలము ఆ సందులలో నడచినచో దేశభాషలన్నియు వినవచ్చును. వానిలో తెలుగును వినవచ్చును.

అట్టి యొక సాయంకాలము ఒక చిన్న భోజనపు కొట్టు ముందర ఇద్దరు తెలుగు పిల్లలు నిలిచియుండగా చూచితిని. ఒకడు లోపలికి తొంగిచూచి, "భయ్యా, థాలీ ఎంత?" అని హిందీలో అడిగెను. కొట్టువాడు చెప్పిన మాట విని, వెనుకకు తిరిగి, తన స్నేహితునితో, "ఒరే, కూర మళ్ళీ వేస్తారట. రా, కూర్చుందాం" అనెను. రెండవవాడు జేబులో చేయిపెట్టి ఒక్క క్షణ మాగి, పిదప లోపలికి నడచెను.

ఆ యొక్క క్షణమే ఈ వ్యాసమునకు విషయము. చేతిలో నున్న సొమ్ము కొంచెము, ఆకలి యెక్కువ, ఊరు పరాయిది. అట్టివాడు ఎచ్చట కూర్చుండి తినవచ్చును? తినుటకు ముందే వెల అడుగవచ్చునా? అడిగినందుకు చులకన కాడు గదా? ఈ ప్రశ్నలు చూచుటకు చిన్నవి. వీనికి సమాధానము దొరకుటకు మాత్రము మనుష్యజాతికి అనేక శతాబ్దములు పట్టినవి.

సరాయిల కథతో మొదలిడుదము. 1540 మొదలు 1545 వఱకు ఏలిన షేర్ షా రాజమార్గముల వెంబడి రెండేసి క్రోసుల కొక సరాయి కట్టించెనని చరిత్రకారులు వ్రాసిరి. వానిసంఖ్య 1,700 అని వారి లెక్క. ద్వారముకడ నీటి కుండలు, హిందువులకు వేఱుగ, ముసల్మానులకు వేఱుగ వసతులు, వండి వడ్డించు మనుష్యులు, గుఱ్ఱములకు మేత, ఇవన్నియు ప్రభుత్వపు ఖర్చుతో నేర్పడినవని చెప్పుదురు. బాటసారి తన అంతస్తుకు తగినట్లు ఆహారము పొందెడివాడు. ఇది గొప్ప యేర్పాటే. అయినను దీనిని రాజు చేసిన మర్యాద యనవలెను. తినువాడు అతిథి. అతిథికి వెల అడుగు హక్కు లేదు, ఇది కావలెను అది వలదను హక్కును లేదు. అంతస్తును బట్టి వడ్డన మారుచున్నప్పుడు, పేదవాడు తన పేదఱికమును విస్తరి ముందర కూడ మఱచుట కుపాయము లేదు. కాలక్రమమున సరాయిలలో భటియారాలనువారు డబ్బు పుచ్చుకొని వండిపెట్టు వృత్తిని చేపట్టిరి. విడిదిలో అంగడి ప్రవేశించినది.

షాజహాను కుమార్తె జహానారా బేగము చాందినీ చౌకులో కట్టించిన సరాయి ఈ విడుదులలో మిక్కిలి యందమైనది. దానిని కన్నులార చూచి వర్ణించినవాడు ఒక ఫ్రెంచి వైద్యుడు, ఫ్రాన్స్వా బెర్నియే. ఇతడు ఔరంగజేబు రాజ్యారంభమున ఢిల్లీకి వచ్చి, దానిష్‌మంద్ ఖానను ప్రభువు కొలువులో నుండి, 1663 జూలైలో పారిసులోని మిత్రునికి ఈ నగరమును గూర్చి సుదీర్ఘమైన లేఖ వ్రాసెను. బేగము సరాయి అతనికి పారిసులోని ప్లాస్ రొయాల్ అను చతురస్రమును జ్ఞప్తికి తెచ్చినది. నాలుగు వైపుల కమానులు, వానివెనుక చిన్న గదులు, పైన మఱియొక వరుస గదులు. రాత్రి తలుపులు మూయుదురు గాన దొంగల భయము లేదు. ఇటువంటివి పారిసులో ఒక యిరువది యున్నచో, క్రొత్తగా వచ్చిన పరదేశులకు మితమైన ఖర్చుతో భద్రమైన బస దొరకకపోవు బాధ తప్పునుగదా యని అతడు తలపోసెను. ఒక పారిసువాడు ఢిల్లీని చూచి తన నగరమునకు లేనిదానిని కోరుకొనిన సందర్భమిది, మనము మఱచిపోగూడదు.

కాని బసను మెచ్చుకొనిన ఆ లేఖలోనే బెర్నియే భోజనమును గూర్చి చెప్పిన మాటలు వేఱు. అంగళ్ళలో రొట్టెలు చేయువారు చాలమంది యున్నారు గాని రొట్టె సరిగా కాలదట. వండిన మాంసము అమ్ముదురు గాని అది ఏ జంతువుదో, ఎట్లు చచ్చినదో నమ్మకము లేదట. ఇంటిలో వండినది తప్ప మఱేదియు ఆరోగ్యకరము కాదట. తన జీతము కొంచెము గాదనియు, ఖర్చుకు వెనుదీయననియు, ఐనను కొన్నిదినములు ఆకలి తీరునంతటి తిండియైన దొరకుట లేదనియు వాపోయెను. చివరకు ఆ నగరజీవితము నంతటిని ఒక్క ముక్కలో తేల్చెను: ఢిల్లీలో నడిమి స్థితి లేదు, మహాప్రభువైనను కావలెను, లేదా దైన్యముతోనైనను బ్రతుకవలెను.

పరదేశి మాటలలో అతిశయోక్తి యుండవచ్చును. అతని నాలుకకు రొట్టె యనగా ఫ్రెంచి రొట్టెయే. ఐనను అతడు పట్టుకొనిన సత్యమొకటి కలదు. గొప్పవంట గొప్పయిండ్లలో బందీయై యున్నది. అంగడిలో దొరకునది కడుపు నింపుటకే. ఈ రెంటికిని నడుమ, సామాన్యుడు తన రాబడికి తగిన వెల యిచ్చి, తల వంచుకొనక, చక్కని భోజనము చేయుటకు ఒక బల్ల కావలెను. ఆ నడిమి బల్ల చరిత్రయే నాగరకతా చరిత్రలో నొక అధ్యాయము.

మన తెలుగుదేశమున ఆ బల్ల బెర్నియేకు రెండున్నర శతాబ్దములకు పూర్వమే కానవచ్చుచున్నది. బల్ల యనరాదు, అది విస్తరి. దాని పేరు పూటకూటి యిల్లు. పూటకు వెల కట్టిన కూడు దొరకు ఇల్లని అర్థము. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన క్రీడాభిరామములో మంచనశర్మ, టిట్టిభసెట్టి యను మిత్రు లిరువురు ఓరుగల్లు వీథులలో ఒక దినమంతయు తిరుగుదురు. వారి త్రోవలో లక్ష్మణవజ్ఝల యను బ్రాహ్మణుని పూటకూటి యిల్లు వచ్చును. అచ్చటి భోజనమును కవి యొక పద్యములో పట్టికవలె చెప్పెను: కర్పూరభోగి బియ్యపు టన్నము, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడు కాచిన ఆవునేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజులు, గడ్డపెరుగు. ఇంతయు చెప్పి చివర వెలను చెప్పెను: ఒక్క రూక.

ఈ పద్యములోని విశేషము రుచుల పేళ్ళు గావు. రాజుల విందులను వర్ణించిన కవులు మనకు కొదువ లేదు. వారెవ్వరును వెల చెప్పలేదు. ఇచ్చట మొట్టమొదట భోజనముతోపాటు దాని ధరయు కావ్యములో చేరినది. వంటకముల జాబితా, వెల, అంగడి పేరు, మూడును ఒకచోట నున్నవి. నేటి భోజనశాల ద్వారమున వ్రేలాడు పలకపై నుండునవి ఆ మూడే గదా! సాంఘిక చరిత్ర వ్రాయువారికి ఇటువంటి పద్యము శాసనముతో సమానము. సురవరము ప్రతాపరెడ్డిగారు కావ్యములను ఈ దృష్టితో చదివి ఆంధ్రుల సాంఘిక చరిత్రను నిర్మించిరి. సాహిత్య అకాడమి 1955లో తెలుగునకు ఇచ్చిన మొట్టమొదటి బహుమతి ఆ గ్రంథమునకే లభించినది. రాజుల యుద్ధములకంటె జనుల విస్తళ్ళు చరిత్రకు తక్కువ కావని ఆనాడు దేశము అంగీకరించినట్లయినది.

పూటకూటి యిల్లు మన సాహిత్యమున మఱల కన్యాశుల్కములో కనుపించును. 1892లో ప్రదర్శింపబడి 1897లో అచ్చయిన ఆ నాటకములో పూటకూళ్ళమ్మ యొక విధవ. వండిపెట్టి బ్రతుకుటయే ఆమె జీవనాధారము. గిరీశమువంటివాడు ఆమె సొమ్ము తిని తప్పించుకొని తిరుగుట చూచి ప్రేక్షకులు నవ్వుదురు. ఆ నవ్వు చల్లారిన పిదప ఆలోచింపవలసిన దొకటి కలదు. చౌకగా పెట్టిన అన్నమునకు ఎవరో యొకరు తమ శ్రమను చౌకగా ఇచ్చియుందురు. తినువాని పొదుపు లెక్కలో పొయ్యిదగ్గఱ కూర్చున్నవారి చెమట సాధారణముగా కానరాదు. చవుకయైన భోజనము యొక్క చరిత్రలో ఈ లెక్కను కూడ వ్రాయవలెను.

అన్నమునకు వెల కట్టుట పాపమని తలచిన సంప్రదాయమును మనకు లేకపోలేదు. గోదావరి లంకలలో, లంకల గన్నవరమున, డొక్కా సీతమ్మగారు వచ్చినవారికి వచ్చినట్లు అన్నము పెట్టి 1909లో కన్నుమూసిరి. ఆమె పేరు తలచుకొని చేతులు జోడించని వారు ఆ ప్రాంతమున లేరు. అయినను దానము ఒక ధర్మము, పూటకూడు మఱియొక ధర్మము. దానము ఆకలిని తీర్చును. వెల యిచ్చిన భోజనము ఆకలితోపాటు మొగమాటమును కూడ తీర్చును. ఒక దినము దానము పుచ్చుకొనుట ఎవనికిని కష్టము గాదు. నాలుగేండ్లు చదువుకొనవలసిన పిల్లవాడు నాలుగేండ్లును దానముపై బ్రతుకవలసినచో అతని వెన్నెముక వంగిపోవును. వానికి కావలసినది రూకకు దొరకు భోజనము.

ఇప్పుడు బెర్నియే స్వదేశమునకు పోదము. 1760 ప్రాంతమున పారిసులో కొందఱు బలహీనులకు పుష్టి నిచ్చు మాంసరసమును అమ్మసాగిరి. ఓపిక నిచ్చునదని దానికి రెస్టారెంటు అని పేరు. రసమునకు పెట్టిన పేరు రసము దొరకు ఇంటికి సంక్రమించినది. ఆ యింటిలో క్రొత్త పద్ధతులు రెండు మొదలైనవి: ఎవరి బల్ల వారిది, వెలలు వ్రాసిన పట్టిక ముందే చేతి కందును. 1789 విప్లవము తరువాత ఇట్టి యిండ్లు విస్తారముగా పెరిగినవి. అయినను అవి చాలవఱకు డబ్బుగలవారివే. 1850 తరువాత డ్యువాల్ అను మాంసవర్తకుడు దీనిని తలక్రిందులు చేసెను. పెద్దయిండ్లవారు కోరని మాంసపు ముక్కలను ఉడికించి, ఆ రసమును, ఆ మాంసమును కూలివారికి స్వల్పమైన వెలకు అమ్మెను. ఆ శాలలకు బూయోఁ అని పేరు, రసమని అర్థము. పిదప అతడు నిర్మించిన పెద్ద శాలలో ఇనుప స్తంభములు, ఎత్తైన కప్పు, తెల్లని టోపీలు ధరించిన వడ్డన స్త్రీలు. లోపలికి వచ్చిన ప్రతివానికి ఒక అచ్చు కాగితము ఇచ్చెడివారు. ఏది తిన్నచో దానిని గుర్తు పెట్టుదురు. పోవునప్పుడు లెక్క చెల్లింపవలెను. దాపరికము లేదు, బేరము లేదు.

1896లో షార్టియే సోదరులు మోఁమార్త్ర్ శివారు వీథిలో తెఱచిన శాల నేటికిని నడచుచున్నది. అద్దములు, ఇత్తడి కొక్కెములు, చెక్కపని, గాజు పైకప్పు. చూచినచో ధనికుల భవన మనిపించును. 1989లో ప్రభుత్వము దానిని చారిత్రక కట్టడముగా గుర్తించినది. ఐనను అచ్చట ముందుగా చోటు కేటాయింపరు. వచ్చినవారు వరుసలో నిలువవలెను. చోటున్న బల్లవద్ద, పరిచయము లేనివారి ప్రక్కనే కూర్చుండబెట్టుదురు. వడ్డించువాడు బల్లపై పఱచిన కాగితముమీదనే లెక్క వ్రాసి కూడును. నిత్యము వచ్చువారు తమ చేతిగుడ్డలను దాచుకొనుటకు పూర్వము చిన్న సొరుగు లుండెడివి. ఆ సొరుగులను తలచుకొన్నప్పుడెల్ల నాకు సంతోషము కలుగును. ఇంటిలో వంటగది లేని ఒక గుమాస్తాకు ఆ సొరుగే ఇల్లు.

బ్రాసరీ యనునది దీనికి దాయాది. ఆ మాటకు బీరు కాచు ఇల్లని మొదటి అర్థము. జర్మనీ సరిహద్దునున్న అల్సాస్ ప్రాంతపువారు ఈ సంప్రదాయమును పారిసునకు తెచ్చిరి. 1870-71 యుద్ధములో ఆ ప్రాంతము జర్మనుల వశము కాగా, అచ్చటినుండి తరలి వచ్చినవారితో ఇది మఱింత వ్యాపించినది. పులియబెట్టిన కాబేజీ, ఉప్పువేసి నిలువ చేసిన పందిమాంసము వారి ప్రధాన వంటకము. ఊరు విడిచి వచ్చినవారు ఊరి పచ్చడిని వెంట తెచ్చుకొనుట మనకు తెలియనిదా? బోఫింజే అను బ్రాసరీ 1864లో బాస్టియ్యి సమీపమున వెలసినది. లిప్ 1880లో వచ్చినది. చిత్రకారులు స్తంభములపై బొమ్మలు వ్రాసిన లా కూపోల్ 1927 డిసెంబరులో తెఱవబడినది. ఈ శాలలలో వంట ఉదయమునుండి అర్ధరాత్రి దాక ఆగదు. ఎప్పుడు వచ్చినను భోజనము కలదు.

పెద్ద బ్రాసరీ ద్వారమున నిలిచిన బీదయాత్రికునికి గుండె కొంచెము జంకును. ఆ అద్దములు, ఆ దీపములు, ఆ నల్లకోటుల పరిచారకులు! కాని ఆ యింటి నీతి తెలిసినవానికి భయము లేదు. వెలల పట్టిక వెలుపలనే వ్రేలాడును. చదువుకొని, సరిపడినచో లోపలికి పోవచ్చును. పడనిచో ప్రక్కవీథికి పోవచ్చును. ఎవ్వరును ఏమియు అనుకొనరు. రాత్రికంటె మధ్యాహ్నము వెల తక్కువ. పట్టికలోని విడి వంటకములకంటె, రెండు లేక మూడు వంటకములను కలిపి కట్టిన నిర్ణీత భోజనము మేలు. నల్లపలకపై సుద్దతో వ్రాసిన ఆనాటి వంటకము తాజాది, చౌకది. సీసా నీటికి డబ్బు. కూజాలోని కుళాయి నీటికి డబ్బు లేదు. రొట్టె భోజనములో చేరినదే. వడ్డన రుసుము వెలలోనే కలిసియుండును. కాఫీని కూర్చుండి త్రాగుటకంటె గట్టువద్ద నిలుచుండి త్రాగినచో తక్కువగును. ఇవి కపటోపాయములు గావు. ఆ యింటివారే తెఱచి పెట్టిన తలుపులు. వానిలోనుండి ప్రవేశించినవాడు ప్రక్కబల్లవద్ద ఖరీదైన సముద్రపు గుల్లలు తినువానితో సమానముగ ఆ అద్దములను, ఆ దీపములను అనుభవించును. గంటసేపు ఆ భవనము వానిది. లండనులో 1915 నాటి ఒక పెద్ద హోటలు నేలమాళిగను 2012లో ఇట్టి బ్రాసరీగా తీర్చినప్పుడును, పారిసులో 2017 తరువాత బూయోఁలు మఱల పుట్టుచున్నప్పుడును ఈ రహస్యమే పనిచేసినది: వంటకములు కొన్ని, బల్లలు పెక్కు, లాభము స్వల్పము, జనము అపారము.

ఇచ్చట చరిత్ర యొక విచిత్రమును చూపును. బెర్నియే బేగము సరాయిని ప్లాస్ రొయాల్‌తో పోల్చెనని చెప్పితిని. ఆ చతురస్రమునకే నేడు ప్లాస్ దే వోజ్ అని పేరు. బోఫింజే బ్రాసరీ దానికి కూతవేటు దూరముననే వెలసినది. ఆ 1860వ దశకముననే ఢిల్లీలో ఏమి జరిగినది? 1857 తిరుగుబాటు నణచిన పిదప ఆంగ్లేయులు బేగము సరాయిని పడగొట్టిరి. దాని స్థానమున పురమందిరము లేచినది. పారిసు పరదేశికి బల్ల వేయుచున్న దినములలో ఢిల్లీ తన పరదేశి విడిదిని పోగొట్టుకొనినది.

అయితే పారిసును పొగడి మనలను నిందించుకొనుట నా యుద్దేశము కాదు. వెల ముందే చెప్పుట, వంటకములను కుదించుట, జనముపై ఆధారపడుట మనకును తెలియును, ఓరుగల్లే సాక్షి. మన బల్లకు పట్టిన తెగులు వేఱొకటి. రూక యున్నంతమాత్రమున ఓరుగల్లు పూటకూటి యింటిలో అందఱికిని విస్తరి వేసెడివారా? సరాయిలో నీటికుండలు రెండు వరుసలుగా నుండెడివిగదా! పంక్తి యను మాటలోనే పంక్తిబాహ్యుడు దాగియున్నాడు. నిన్నమొన్నటివఱకు దక్షిణదేశపు హోటళ్ళలో బ్రాహ్మణులకు ప్రత్యేకమని పలకలు వ్రేలాడినవి. కొందఱికి లోపలి గది, కొందఱికి వసారా, కొందఱికి వీథి. వెల ఒక్కటియే, స్థానము వేఱు. పారిసులో లా కూపోల్ తలుపులు తెఱచిన ఆ 1927లోనే మార్చి నెలలో అంబేద్కరుగారు మహాడ్‌లోని చవదార్ చెఱువునకు వేలజనముతో నడచి దోసెడు నీళ్ళు త్రాగవలసివచ్చినది. భోజనముమాట యటుండ, నీటికే పోరాటము.

అందువలన ఈ చరిత్రలో నేను పెద్దదిగా తలచు తేదీ ఏ భోజనశాల తెఱచిన దినమును కాదు. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగములో 15వ అధికరణము అంగళ్ళను, ప్రజా భోజనశాలలను, హోటళ్ళను పేరు పెట్టి పేర్కొని, మతమునుబట్టి గాని కులమునుబట్టి గాని ఎవ్వరిని ద్వారమున నిలుపరాదని శాసించినది. 1955లో వచ్చిన అస్పృశ్యతా నేరముల చట్టము దానికి శిక్షను చేర్చినది. ఒక దేశపు మౌలిక శాసనములో భోజనపు కొట్టు పేరు చేరినదన్నచో, ఆ కొట్టు గుమ్మముకడ ఎంత అవమానము జరిగియుండవలెనో ఊహించుకొనవచ్చును. శాసనము వ్రాసినంతనే అలవాటు చావదు. ఐనను పలక దిగినది. రూక యున్నవాడు లోపలికి వచ్చుటకు హక్కు కలిగినది.

ఆ హక్కు ఢిల్లీలో రెండు చోట్ల అందముగా పండినది. 1957లో కాఫీ హౌసు కార్మికులు, ఎ. కె. గోపాలన్‌గారి ప్రోత్సాహముతో, సహకార సంఘములుగా నేర్పడి తమ శాలలను తామే నడుపసాగిరి. ఒక్క కప్పు కాఫీకి సొమ్ము చెల్లించి కవులు, పత్రికారచయితలు, నిరుద్యోగులు గంటలతరబడి అచ్చట కూర్చుండిరి. రెండవది అశోకా రోడ్డులోని ఆంధ్రభవనపు క్యాంటీను. 1920 ప్రాంతములలో నిజాము కట్టించుకొనిన హైదరాబాదు హౌసు ప్రక్కననే, ఎవ్వరైనను చీటీ కొనుక్కొని కూర్చుండదగిన ఈ శాల వెలయుట కాలము చేసిన న్యాయము. మధ్యాహ్నము జనము గుంపుగా వేచియుందురు. పేరు పిలువగానే చోటున్న బల్లవద్ద, ఎఱుగనివారి ప్రక్కన కూర్చుందురు. అన్నము, పప్పు, వేపుడు, సాంబారు, చారు, పెరుగు, పచ్చడి, కందిపొడి, నేయి. పళ్ళెము ఖాళీయగుటకు ముందే వడ్డించువాడు మఱల వచ్చును. పెద్ద యధికారియు, ఆటో నడుపువాడును, తెలుగు ఒక్క ముక్కయు రాని పంజాబీ కుటుంబమును ఒకే బల్లవద్ద కందిపొడి కలుపుకొనుట అచ్చట ప్రతిదినము చూడవచ్చును. 2014లో రాష్ట్రము రెండైనది. ఆ వరుసలో నిలుచువారు మాత్రము రెండు కాలేదు. షార్టియే సోదరుల కాగితపు బల్లగుడ్డకును, ఈ చీటీకిని ఆత్మ యొక్కటియే.

మఱల కటవారియా సరాయ్‌కు వత్తము. లోపలికి నడచిన ఆ ఇద్దరు పిల్లలు ఏమి తినిరో చూచితిని. స్టీలు పళ్ళెములో రొట్టెలు, రాజ్మా, ఒక కూర, కొంచెము అన్నము. కూర నిజముగనే మఱల వేసిరి. ఒకడు తన సంచిలోనుండి చిన్న సీసా తీసి, ఇంటినుండి వచ్చిన ఆవకాయను రెండు పళ్ళెములలోను వేసెను. ప్రక్కనున్న బిహారు పిల్లవాడు సీసావైపు చూచెను. అడుగకమునుపే వానికిని కొంచెము వేసిరి. అల్సాసువారి కాబేజీ నాకప్పుడు జ్ఞప్తికి వచ్చినది. పది నిమిషములలో భోజనము ముగిసినది. వెలుపల మఱి నలుగురు నిలిచియుండిరి, లేవక తప్పదు. లేచి, చేతులు కడుగుకొని, సందులోనే నిలుచుండి రెండు మాటలు మాటలాడుకొని, గదులకు పోయిరి.

ఇచ్చట వెల ముందే తెలిసినది, కులము ఎవ్వరును అడుగలేదు, కడుపు నిండినది. బెర్నియేకు దొరకని నడిమి స్థితి ఇంతవఱకు వచ్చినది. కొఱతపడినది ఒక్కటి: కూర్చుండుటకు చోటు. చౌకయైనదానికి అంద మెందులకని మనము తలచుచున్నాము. ఎత్తైన కప్పు, వెలుతురు, గాలి, భోజనానంతరము కొంతసేపు కూర్చుండి మాటలాడుటకు తీరిక, ఇవన్నియు ధనికుల సొత్తని అంగీకరించితిమి. బూయోఁను నిర్మించినవారు దానిని అంగీకరింపలేదు. జహానారా బేగమును అంగీకరింపలేదు. బాటసారికొఱకు ఆమె కట్టించినది ప్రభువుల చతురస్రమువలె నుండెనని పారిసువాడే వ్రాసెను. పరీక్ష తప్పిన దినమున ఒక పిల్లవాడు కటవారియా సరాయ్‌లో తన గదికి పోక ఎచ్చట కూర్చుండగలడు? ఈ ప్రశ్నకు ఆ సందులలో సమాధానము లేదు.

సరాయి యను మాట ఆ పల్లెకు ఇంకను ఉన్నది. బాటసారులును ఉన్నారు, వారి బాట ఇప్పుడు పరీక్షలగుండా పోవుచున్నది. పూటకూడును ఉన్నది. చక్కని శాల యొకటి రావలసియున్నది. అందులో వెలల పలక వెలుపలనే వ్రేలాడవలెను, బల్లలు పొడుగుగా నుండవలెను, కూర మఱల వేయవలెను, తిన్నవానిని వెంటనే లేపరాదు. నిత్యము వచ్చువాని ఆవకాయ సీసా కొఱకు గోడలో ఒక చిన్న సొరుగు ఉన్నచో మఱియు మంచిది.